ఠంగ్, టక్, లొడలొడ: ముందు సస్పెన్షన్ పని తర్వాత మొదలైన శబ్దాల డైరీ

బండి 1.3 లీటర్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్. ముందు మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకర్ కలిసి ఉండే నిలువు భాగం), వెనక టోర్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే అడ్డ దూలం), ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, 165/80 ఆర్14 టైర్లు. మీటరు 98,412 కి.మీ.

విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు రావడానికి వారం ముందు వేరే చోట దీని ముందు భాగం మొత్తం విప్పి బిగించారు. బిల్లులో ఉన్నవి: రెండు లోయర్ ఆర్ములు (చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే చేతులు; రబ్బరు బుష్‌లు, బాల్ జాయింటు వాటితోనే వస్తాయి), రెండు షాకర్లు, రెండు స్ట్రట్ మౌంటింగులు బేరింగులతో సహా, రెండు లింక్ రాడ్లు (స్టెబిలైజర్ బారును స్ట్రట్‌కు కలిపే కడ్డీలు), ఎడమ యాక్సిల్‌కు (ఇంజను బలాన్ని చక్రానికి చేర్చే షాఫ్టు) బయటి జాయింటు, బూటు (జాయింటు గ్రీజు కారకుండా కప్పే తొడుగు). అసలు పని మొదలైంది ఎడమ బూటు చిరిగి గ్రీజు అంతా చిమ్మినందుకు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యూటర్న్ కొడితే టకటకమని కొట్టుకునేది. ఆ టకటక పోయింది, దాని బదులు మూడు కొత్త శబ్దాలు వచ్చాయి. స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను తిప్పే భాగం) పోయిందని, మార్చాల్సిందేనని బండి సొంతదారులకు చెప్పారు. ర్యాక్ ఖర్చు వేలల్లో ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకునే ముందు శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చాలనుకున్నాం.

మొదట కాగితం మీద రాసుకున్నది బిల్లులో లేని వాటి జాబితా. యాక్సిల్ బయటికి రావాలంటే యాక్సిల్ నట్ విప్పాలి, కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) పక్కకు తీసి వేలాడదీయాలి, బాల్ జాయింటును బిగించి పట్టే పించ్ బోల్టు లాగాలి, స్ట్రట్‌కూ నకుల్‌కూ (చక్రం మధ్య హబ్బును మోసే భాగం) మధ్య రెండు బోల్టులు తీయాలి. ఆర్ము మారాలంటే దాని బుష్ బోల్టులు విప్పాలి. షాకర్ మారాలంటే స్ప్రింగు నొక్కి, పై నట్ విప్పి, మళ్లీ కూర్చోబెట్టాలి. వీటికి బిల్లు వేయరు, కానీ వీటన్నిటి మీదా చెయ్యి పడింది. పని చేశాక కొత్త శబ్దం వస్తే కొత్త పార్టు పాడయిందనో పాత పార్టు పోయిందనో అనుకునే ముందు ఈ జాబితా మొత్తం తిరగెయ్యాలి. నాలుగు రోజుల తర్వాత చూసుకుంటే దొరికినవన్నీ ఈ జాబితాలోనివే.

మొదటి రోజు: వినడం

స్పానరు ముట్టుకోలేదు. ముందుగా డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ, టూల్ కిట్ తీసేశాం. గ్లవ్ బాక్సు, డోర్ పాకెట్లు ఖాళీ చేశాం. ఏసీ, ఆడియో ఆపేశాం. ఇది చాదస్తం అనిపిస్తుంది కానీ, వదులుగా ఉన్న జాకీ చేసే లొడలొడకీ సస్పెన్షన్ లొడలొడకీ బండిలో కూర్చుంటే తేడా తెలియదు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు ఎడమ సీటులో అద్దం దించి కూర్చుని, కాంపౌండు గోడను ఆనుకున్నట్టు బండిని పోనిచ్చాం. గోడకు కొట్టుకుని తిరిగొచ్చే శబ్దం చక్రం దగ్గరి శబ్దాన్ని తేటగా వినిపిస్తుంది.

శబ్దాలకు విడివిడిగా పేర్లు పెట్టుకోవడం ముఖ్యం. "ఏదో కొట్టుకుంటోంది" అని మూడింటినీ ఒకే గంపలో వేస్తే ఒకదానికి చేసిన పరీక్ష ఇంకోదానికి తప్పు జవాబు చెబుతుంది. మేము రాసుకున్నవి ఇవి.

లొడలొడ: గంటకు 15 నుంచి 25 కి.మీ. వేగంలో, పైపొర లేచిపోయిన తారు రోడ్డు మీద, ఎడమ ముందు నుంచి. పెద్ద స్పీడ్ బ్రేకరు దాటితే మాత్రం వినపడదు. ఇది మంచి ఆధారం. బాల్ జాయింటో స్ట్రట్ మౌంటింగో వదులైతే పెద్ద కుదుపుకు ఇంకా గట్టిగా కొట్టాలి. చిన్న అదురుకే మోగి పెద్ద కుదుపుకు నోరు మూసుకుందంటే, అది తేలికైన వస్తువు, బరువు మోయని వస్తువు.

టక్: రివర్సు నుంచి ఫస్టుకు మార్చి కదిలినప్పుడు ఒక్కసారి. మళ్లీ రివర్సు వేసి కదిలితే ఇంకోసారి. అదే దిశలో ఎంత దూరం వెళ్లినా మళ్లీ రాదు.

ఠంగ్: బండి నిలబడి ఉండగా స్టీరింగ్ తిప్పితే, దాదాపు ప్రతి సగం చుట్టుకూ ఒకటి. ఎడమవైపు నుంచే. లోపల బిగుసుకున్నది ఒక్కసారిగా జారినట్టు ఉంటుంది.

లొడలొడ తిరిగే భాగానిదా కాదా అన్నది లెక్కతో తేల్చాం. 14 అంగుళాల రిమ్ము 355.6 మి.మీ., టైరు పక్కగోడ 165లో 80 శాతం అంటే 132 మి.మీ., రెండు వైపులా 264. మొత్తం వ్యాసం దాదాపు 620 మి.మీ., చుట్టుకొలత 1.95 మీటర్లు. గంటకు 20 కి.మీ. అంటే సెకనుకు 5.56 మీటర్లు, చక్రం సెకనుకు 2.85 చుట్లు. పది సెకన్లలో 28 చుట్లు. ఫోనులో రికార్డు చేసి నెమ్మదిగా వినిపిస్తే గతుకుల మీద పది సెకన్లలో నలభైకి పైగా దెబ్బలు లెక్కకొచ్చాయి, నున్నటి సిమెంటు రోడ్డు మీద అదే వేగంలో రెండే. చక్రంతో తిరిగే లోపమైతే రోడ్డు ఎలా ఉన్నా లెక్క 28 దరిదాపుల్లో నిలకడగా ఉండాలి. కాబట్టి యాక్సిల్ జాయింటు, చక్రం బేరింగు ఈ శబ్దం కేసులోంచి బయటపడ్డాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రెండు వైపులా ఎనిమిది అంకె కొట్టించాం, టకటక లేదు. కొత్త జాయింటు బాగుంది.

ఇక లొడలొడకు అందరూ మొదట పట్టుకునేది లింక్ రాడ్డునే. దాని జోలికి వెళ్లే ముందు చేయాల్సిన పరీక్షకు ఖర్చు లేదు. అదే గతుకుల మీద అదే 20 వేగంలో వెళుతూ బ్రేకు పెడల్ మీద పాదం ఆనించి, బండి వేగం తగ్గీ తగ్గనట్టు ఉండేంత ఒత్తిడి ఇవ్వాలి. ఇచ్చాం. లొడలొడ ఆగింది. పాదం తీశాం, మొదలైంది. ఆరుసార్లు చేస్తే ఆరుసార్లూ అంతే. హ్యాండ్ బ్రేకుతో ఈ పరీక్ష చేస్తే ఉపయోగం లేదు, ఈ బండిలో అది వెనక చక్రాలను మాత్రమే పడుతుంది. లింక్ రాడ్డుకు బ్రేకు ప్యాడుతో సంబంధం లేదు కాబట్టి అనుమానం ఎడమ కాలిపర్ మీదికి మళ్లింది.

సాయంత్రం నిలబెట్టి ఉంచి రెండు పరీక్షలు. టక్ కోసం: వెనక చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, బ్రేకు తొక్కి పట్టి, ఫస్టులో క్లచ్ కొంచెం వదిలి మళ్లీ తొక్కడం, తర్వాత రివర్సులో అదే. బానెట్ తెరిచి ఇంజను కదలికను ఫోను స్టాండుకు పెట్టి వీడియో తీశాం. ఈ పరీక్షలో బండి ముందూ వెనకా మనిషి నిలబడకూడదు. తల లోపలికి పెట్టి చూడటం అసలే వద్దు. ఇంజను మెత్తగా వాలి మెత్తగా వెనక్కొచ్చింది, దెబ్బ లేదు. ఇంజను మౌంటింగులు బాగున్నాయి.

ఠంగ్ కోసం సుద్దముక్క చాలు. ఎడమ స్ప్రింగు మొదటి చుట్టు నుంచి కింది కప్పు మీదికి నిలువుగా ఒక గీత, పై చుట్టు నుంచి పై సీటు మీదికి ఇంకో గీత. ఇంజను ఆన్ చేసి స్టీరింగ్ నెమ్మదిగా తిప్పిస్తూ చూస్తే పై గీత చెదరలేదు. కింది గీత మాత్రం ముందు స్ప్రింగుతో పాటు కప్పూ తిరుగుతుండగా నిలకడగా ఉండి, ఠంగ్‌మన్న క్షణాన రెండు ముక్కలై ఒక గోరు మందం పక్కకు జరిగింది. కుడివైపు అదే పరీక్షలో గీత చెదరలేదు. స్ప్రింగు చుట్ల మధ్య వేలు పెట్టి తెలుసుకుందామని ఎవరూ ప్రయత్నించవద్దు. చూస్తే సరిపోతుంది.

రెండో రోజు: లొడలొడ

ఎడమ ముందు భాగం జాకీ మీద లేపి, సిల్ (తలుపు కింది అంచు) కింద స్టాండు పెట్టి, చక్రం తీశాం. జాకీ లేపడానికి మాత్రమే, ఆగేది స్టాండు మీదే.

ప్యాడ్లను వేలితో పైకీ కిందికీ ఆడిస్తే టకటకమన్నాయి. కాలిపర్ తీసి చూస్తే కారణం ఎదురుగానే ఉంది. ప్యాడు చెవులు కూర్చునే చోట, కాలిపర్ బ్రాకెట్‌కు పట్టి ఉండాల్సిన పల్చటి స్టీలు క్లిప్పులు ఒక చక్రానికి నాలుగు. ఇక్కడ రెండే ఉన్నాయి, అవీ పైవి. కింద రెండూ లేవు. కాలిపర్ విప్పినప్పుడు ఊడి పడిపోయి ఉంటాయి, తిరిగి బిగించేటప్పుడు గుర్తుకు రాలేదు. క్లిప్పు పోయిన చోట ప్యాడు చెవికీ బ్రాకెట్‌కీ మధ్య సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే 1.1 మి.మీ. సందు. గతుకు తగిలిన ప్రతిసారీ ప్యాడు ఆ మిల్లీమీటరు దూరం ఎగిరి పడుతోంది. బ్రేకు మీద పాదం ఆనగానే పిస్టన్ దాన్ని డిస్కుకు అదిమి పడుతుంది కాబట్టి శబ్దం ఆగిపోతోంది. పెద్ద స్పీడ్ బ్రేకరు ముందు ఎవరైనా బ్రేకు తొక్కే ఉంటారు, నిన్న అక్కడ వినపడకపోవడానికి అది కూడా ఒక కారణం.

అదే పనిగా బ్రేకు హోస్ కూడా చూశాం. కాలిపర్‌ను హోస్‌తోనే వేలాడదీస్తే లోపలి పొర చిట్లవచ్చు, బయటికి కనిపించదు. ఈ హోస్ మీద మెలిక, మడత గుర్తు ఏవీ లేవు. గైడు పిన్నులు (కాలిపర్ అటూ ఇటూ జారే కడ్డీలు) రెండూ వేళ్లతో నెడితే జారుతున్నాయి. రెండు పిన్నుల్లో ఒకదానికి రబ్బరు స్లీవ్ ఉండే కాలిపర్లలో అవి తారుమారైతే అచ్చం ఇలాంటి శబ్దమే వస్తుంది, కాబట్టి పైది పైన, కిందిది కింద ఉందో లేదో చూసుకోవాలి.

వైరు బ్రష్షుతో బ్రాకెట్ మెట్టు మీది తుప్పు పూర్తిగా గీకి, రెండు చక్రాలకూ కొత్త క్లిప్పుల సెట్టు వేశాం. తుప్పు మీదే క్లిప్పు కొడితే ప్యాడు బిగుసుకుపోయి డిస్కును రాసుకుంటూ వేడెక్కుతుంది. ప్యాడు చెవులకు బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజు, అగ్గిపుల్ల కొనకు అంటుకునేంత. ప్యాడు ముఖానికి గానీ డిస్కుకు గానీ అంటితే బ్రేకు క్లీనరుతో కడిగేయాలి. కాలిపర్ గైడు బోల్టులు చిన్నవి, చాలా చిన్న కార్లలో 25 నుంచి 35 న్యూటన్ మీటర్ల మధ్యే. వీటి మీద ఇంపాక్ట్ గన్ పెట్టకూడదు. చివర్లో బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి. ఇది మర్చిపోతే మొదటి బ్రేకు నేలదాకా పోతుంది.

లింక్ రాడ్లను కూడా పరీక్షించి వదిలాం. ఒక చక్రం మాత్రమే గాల్లో ఉంటే స్టెబిలైజర్ బారు మెలిపడి లింకును లాగి పట్టి ఉంచుతుంది. ప్లే (వదులు) ఉన్నా బయటపడదు. బండి నాలుగు చక్రాల మీదా నిలబడి ఉండగా పిట్‌లోంచి లింకును చేత్తో పట్టి ఊపాలి. రెండూ గట్టిగా ఉన్నాయి.

అదే రోడ్డు, అదే వేగం. లొడలొడ లేదు. మొదటి రోజు దాని కింద దాగి ఉన్న ఇంకో చిన్న శబ్దం మాత్రం ఇప్పుడు తెలిసింది. ఎడమవైపు నుంచే స్‌స్‌స్ అని, చక్రం చుట్టుకు ఒకసారి. డిస్కు వెనక రేకు వంగి డిస్కు అంచుకు తగులుతోంది. స్క్రూడ్రైవరుతో 3 మి.మీ. వెనక్కి వంచితే పోయింది.

మూడో రోజు: టక్

ఇది చాలామందిని తప్పుదారి పట్టించే శబ్దం. దిశ మారినప్పుడల్లా ఒక్క టక్, మెటల్ మీద మెటల్ కొట్టిన తేట శబ్దం. ఇంజను మౌంటింగు, లోపలి ట్రైపాడ్ జాయింటు (యాక్సిల్‌కు గేరుబాక్సు వైపుది), ఆర్ము బుష్, సబ్‌ఫ్రేమ్ (ఆర్ములు బిగించే చట్రం) బోల్టు, ఏదైనా కావచ్చు. నిలబెట్టి చేసిన పరీక్షనే మళ్లీ చేస్తూ, పక్క నుంచి చేయి చాపి, పొడవాటి రాడ్డు ఒక కొనను ఒక్కో చోట ఆనించి రెండో కొనకు మెకానిక్ స్టెతస్కోపు పెట్టి విన్నాం. సబ్‌ఫ్రేమ్ దగ్గర మెత్తగా, గేరుబాక్సు దగ్గర ఇంకా మెత్తగా వినపడింది. నకుల్ మీద పెట్టగానే చెవిలో సుత్తితో కొట్టినట్టు వచ్చింది. శబ్దం హబ్బుదే.

టార్క్ రెంచి 120 న్యూటన్ మీటర్లకు పెట్టి, బ్రేకు తొక్కి పట్టించి, ఎడమ యాక్సిల్ నట్‌ను బిగించే దిశలో తిప్పాం. రెంచి క్లిక్‌మనకముందే నట్ కదిలింది. చిన్న కార్లలో ఈ నట్ బిగింపు సాధారణంగా 170 నుంచి 250 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. ఏ బండికి ఎంతో దాని సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి. ఇక్కడ సగానికి అటూ ఇటూ ఉంది. పైగా అది పాత నట్టే. దాని పల్చటి కాలరును ఒకసారి షాఫ్టు గాడిలోకి కొట్టి, విప్పి, మళ్లీ అదే చోట కొట్టారు. కాలరు అంచు చీలి ఉంది.

వదులైన నట్ టక్‌మని ఎందుకంటుంది? యాక్సిల్ బయటి జాయింటు భుజం చక్రం బేరింగు లోపలి రేసుకు (వలయానికి) ముఖాముఖి ఆనుకుని ఉంటుంది. నట్ బిగింపే ఆ రెండింటినీ ఒకటిగా పట్టి ఉంచుతుంది. బిగింపు చాలకపోతే ఇంజను లాగే దిశ మారినప్పుడు స్ప్లైన్ (షాఫ్టు మీది పళ్లు) సందులో వెంట్రుకవాసి జరిగి, ఆ ముఖాలు ఒకదాని మీద ఒకటి జారి టక్‌మంటాయి. ఒకసారి జారాక ఆ దిశలో ఇక చోటు ఉండదు. అందుకే దిశ మారేదాకా మళ్లీ రాదు. ఈ శబ్దాన్ని పట్టించుకోకుండా తిరగడం మంచిది కాదు. ఇలాంటి హబ్బుల్లో బేరింగు రేసులను దగ్గరగా పట్టి ఉంచేది ఈ నట్టే. వదులుగా ఉంచి తిప్పితే బేరింగు గుయ్‌మనడం మొదలవుతుంది, అప్పుడు ప్రెస్సు మీద బేరింగు మార్చాలి.

నట్ తీసి, బాల్ జాయింటు పించ్ బోల్టు లాగి, ఆర్మును కిందికి నొక్కి, నకుల్‌ను బయటికి తిప్పి షాఫ్టును జార్చాం. షాఫ్టును బయటికి లాగకూడదు. లాగితే లోపలి ట్రైపాడ్ రోలర్లు కప్పులోంచి బయటపడి కొత్త పని తెచ్చిపెడతాయి. జాయింటు వేలాడకుండా తాడుతో కట్టాం. స్ప్లైన్ పళ్ల మొదట్లో ఇటుక రంగు పొడి, వేలితో రుద్దితే మెత్తగా పసుపు పొడిలా అంటుకుంటోంది. ఇనుము ఇనుము మీద సన్నగా రాసుకుంటే పుట్టే తుప్పు అది. భుజం మీద చుట్టూ ఒక మెరుపు వలయం, వెడల్పు 4 మి.మీ. రెండూ ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

స్ప్లైన్, భుజం, రేసు ముఖం మూడూ వైరు బ్రష్షుతో, బ్రేకు క్లీనరుతో శుభ్రం చేశాం. భుజం మీద మాలిబ్డినం పేస్టు, కింద లోహం కనిపించేంత పల్చగా. నట్ మరలకు పేస్టు అంటనివ్వలేదు. మరలు జారుడైతే రెంచి చెప్పే అంకెకూ అసలు బిగింపుకూ పొంతన ఉండదు. కొత్త నట్ వేసి, మొదట చేత్తో, తర్వాత బ్రేకు తొక్కి పట్టించి మాన్యువల్ అంకెదాకా ఒకే లాగుడులో తీసుకెళ్లి, కాలరును మొండి ఉలితో గాడిలోకి చీలకుండా నొక్కాం. ఇంపాక్ట్ గన్‌తో పని ముగించడం ఇక్కడ మొదటి తప్పు అయి ఉంటుందని మా అంచనా. బ్యాటరీ దిగిన గన్ గరగరలాడుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. మీటరు పొడవు పైపు కొనన 20 కిలోల బలం పెడితే దాదాపు 196 న్యూటన్ మీటర్లు. రెంచి లేని చోట ఇది కనీసం తనిఖీకి పనికొస్తుంది, కానీ రెంచికి బదులు కాదు.

కుడి నట్‌ను కూడా అదే పరీక్ష చేశాం, కదల్లేదు. అటు యాక్సిల్ విప్పలేదు కాబట్టి అది సహజమే. చక్రం నేల మీదికి దింపింది పూర్తి బిగింపు అయ్యాకే. టక్ పోయింది. గేరుబాక్సు ఆయిల్ మట్టం కూడా చూశాం. పోయిన వారం యాక్సిల్ లాగినప్పుడు కారిపోయింది నింపినట్టు లేదు, లెవల్ ప్లగ్గు అంచుదాకా రావడానికి 150 మి.లీ. పట్టింది.

నాలుగో రోజు: ఠంగ్

ఎడమ స్ట్రట్ మొత్తం దింపాలి. నకుల్ బోల్టులు తీసే ముందు స్ట్రట్ చెవికీ నకుల్‌కూ అడ్డంగా సన్నటి గీత గీశాం. ఆ రంధ్రాల్లో కొంచెం వెసులుబాటు ఉంటుంది, గీత లేకపోతే క్యాంబర్ (చక్రం నిలువు వాలు) మారుతుంది. లింక్ రాడ్డు, హోస్ బ్రాకెట్, ఏబీఎస్ వైరు క్లిప్పు విడదీశాక పైన మూడు నట్లు.

బల్ల మీద పెట్టి చూస్తే తప్పు కనబడింది. స్ట్రట్ కింది కప్పులో ఒక మెట్టు ఉంటుంది. స్ప్రింగు కొన ఆ మెట్టుకు వచ్చి ఆనాలి, సందు ఉన్నా పది మిల్లీమీటర్లు మించకూడదు. ఇక్కడ కొన మెట్టు ఎక్కి దాటి 35 మి.మీ. అవతల కూర్చుంది. దాంతో చివరి చుట్టు కప్పులో సమంగా ఆనక, మెట్టు మీద ఒకే చోట బరువు పడుతోంది. స్టీరింగ్ తిప్పితే స్ట్రట్, స్ప్రింగు కలిసి పై బేరింగు మీద తేలిగ్గా తిరగాలి. ఇక్కడ మెట్టు మీద ఎక్కిన కొన పట్టుకుని, మెలిపడి, తట్టుకోలేక జారుతోంది. అదే ఠంగ్. మొదటి రోజు సుద్దగీత విరిగింది అక్కడే. కప్పు రంగు లేచిపోయి, స్ప్రింగు కొన రాసుకున్న మేర అర్ధచంద్రంలా తెల్లటి గీతలు.

ఇది ఎలా జరుగుతుందంటే, స్ప్రింగు నొక్కే కొక్కేలను వదిలేటప్పుడు స్ప్రింగు తన చుట్టూ తాను కొంచెం తిరుగుతుంది. ఒక చేత్తో దాన్ని మెట్టు వైపు తిప్పి పట్టి ఉంచకపోతే కొన మెట్టెక్కేస్తుంది. బండి కిందికి దిగాక బరువుకు అదే సర్దుకుంటుందని వదిలేస్తారు. సర్దుకోదు.

రెండు కొక్కేలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా పెట్టి, ఒక్కోదాన్ని రెండు రెండు చుట్లు మార్చి మార్చి బిగించాం. స్ప్రింగు పై సీటు వదులై చేత్తో తిరిగేదాకా నడి నట్ ముట్టుకోలేదు. నొక్కకుండా ఆ నట్ విప్పితే పై భాగం తుపాకీ గుండులా లేస్తుంది, మనిషి ప్రాణానికే ముప్పు. కొక్కేల వరసలో ముఖం పెట్టకూడదు. పై రబ్బరు సీటు ఒక చోట నలిగి పెదవిలా బయటికొచ్చింది, అది మార్చాం. బేరింగు వేళ్ల మధ్య తిప్పితే గరగర లేదు, అదే వాడాం. స్ప్రింగు కొన మెట్టుకు 4 మి.మీ. సందుతో కూర్చోబెట్టి, దాన్ని చూస్తూనే రెండు కొక్కేలూ సమంగా వదిలాం. నడి నట్ బిగించేటప్పుడు షాఫ్టును అలెన్ కీతో పట్టుకోవాలి. గన్‌తో తిప్పితే షాకర్ రాడ్డు గిర్రున తిరిగి ఆయిల్ సీలు దెబ్బతినొచ్చు, అప్పుడు షాకర్ కారుతుంది.

తిరిగి బిగించాక ఇంకో సుద్దగీత. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరికి ఐదుసార్లు. గీత చెదరలేదు.

ఐదో రోజు: ఇంకా మోగని శబ్దం

బండి ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంది. అయినా జాబితాలో ఒకటి మిగిలింది: లోయర్ ఆర్ము బుష్ బోల్టులు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగించారా, బరువు మీద ఉండగానా? బిల్లు చెప్పదు, బుష్ చెబుతుంది. పిట్‌లోంచి టార్చి వేస్తే ఎడమ ముందు బుష్ రబ్బరు మీద పొడి బట్ట పిండినట్టు ఏటవాలు ముడతలు.

ఈ బుష్‌లో రబ్బరు బయటి గొట్టానికీ లోపలి గొట్టానికీ అతికించి ఉంటుంది. లోపలి గొట్టాన్ని బోల్టు సబ్‌ఫ్రేమ్‌కు బిగించేస్తుంది. ఆర్ము పైకీ కిందికీ ఆడితే తిరిగేది గొట్టం కాదు, మెలిపడేది రబ్బరు. కాబట్టి బోల్టు ఏ స్థితిలో బిగిస్తే అదే రబ్బరుకు విశ్రాంతి స్థితి. హబ్బు మధ్య నుంచి మడ్‌గార్డు అంచుకు కొలిస్తే చక్రం గాల్లో ఉండగా 455 మి.మీ., నేల మీద 375. తేడా 80. ఆర్ము పొడవు పివట్ నుంచి బాల్ జాయింటుకు 330. అంటే బండి ఊరికే నిలబడి ఉన్నా రబ్బరు 14 డిగ్రీలు మెలిపడి ఉంటుంది, గుంతలో పడితే ఇంకా మెలిపడాలి. కొన్ని నెలల్లో అతుకు ఊడి మొదట కిర్రుమంటుంది, తర్వాత గుంతకో డబ్ అంటుంది. అప్పుడు కొత్త ఆర్ము నాసిరకం అని తిట్టుకుంటారు.

నాలుగు చక్రాలూ నేల మీద, డ్రైవరు సీటులో ఒకరు, స్టీరింగ్ సూటిగా. ఎడమ ముందు బోల్టు అర చుట్టు వదలగానే లోపల ఠప్‌మని గొట్టం తిరిగింది, రబ్బరు ముడతలు కళ్ల ముందే సాఫీ అయ్యాయి. కుడివైపూ అదే. బండిని నాలుగుసార్లు నొక్కి ఊపి, కుదురుకున్నాక మళ్లీ బిగించాం. ఎడమవైపు ఎత్తు 375 నుంచి 371కి దిగింది, కుడి 372కి. మెలిపడిన రబ్బరు బండిని ఆ మేరకు ఎత్తి పట్టింది.

సబ్బునీళ్ల గురించి ఒక మాట. కిర్రుమనే బుష్‌ను కనిపెట్టడానికి నీళ్లు చల్లి చూడటం మంచి పద్ధతే, శబ్దం కాసేపు ఆగితే ఆ బుష్ దొరికినట్టు. ఇంజను ఆయిలో, తుప్పు వదిలించే స్ప్రేనో కొట్టకూడదు, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

తర్వాత వీల్ అలైన్‌మెంటు. క్యాంబర్ గీత పుణ్యమా అని పరిధిలోనే ఉంది, టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగిన మేర) మాత్రం మొత్తం 4 మి.మీ. లోపలికి. ఆర్ములు మారాక చేయించలేదన్నమాట. సరిచేస్తే స్టీరింగ్ మధ్యకు వచ్చింది.

మీటరు 99,020: తనిఖీ

600 కి.మీ. తిరిగాక పిలిపించి చూశాం. బందరు రోడ్డు, కరకట్ట, సిటీ గతుకులు, అన్నీ తిరిగింది. యాక్సిల్ నట్, షాఫ్టు మీద గీసిన తెల్ల పెయింటు గీత అతికినట్టే ఉంది. చక్రం నట్లు రెంచికి కదల్లేదు. ఎడమ బూటు బయటి క్లాంపు కింద మాత్రం గోరుకు అంటేంత నల్ల గ్రీజు తేమ. తుడిచి, క్లాంపు తీసి చూస్తే చెవిని సగమే నొక్కారు. కొత్త క్లాంపు వేసి చెవిని ప్లయరుతో పూర్తిగా నొక్కాం. పార్టులన్నీ కలిపి ఖర్చు రెండు వేలు దాటలేదు: క్లిప్పుల సెట్టు, నట్, పై రబ్బరు సీటు, క్లాంపు, ఆయిల్. ర్యాక్ అలాగే ఉంది, దానికి ఒక్క స్పానరు కూడా తగల్లేదు. బూటు తేమ మళ్లీ వస్తుందేమో 1,01,000 దగ్గర చూడాలి.